మునగ చెట్టు నిండా బొంత పురుగులు.. ఇంటిల్లిపాదికీ దద్దుర్లు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది హన్మకొండ. పెరట్లో మునగ చెట్టుంది. వానలు మొదలైనప్పటి నుంచి దాని మొద్దు మీద బొంత పురుగులు వందల్లో గుంపుకట్టి ఉంటున్నాయి. గోడల మీదికి, బట్టలారేసే తీగ మీదికి కూడా పాకుతున్నాయి. ఆరేళ్ల మా బాబుకు మెడ మీద, చేతుల మీద దద్దుర్లు లేచి రాత్రంతా గోక్కుంటున్నాడు. షుగర్ ఉన్న మా అత్తమ్మకూ దురదే. మావారు నర్సంపేట దగ్గర మా తమ్ముడి పొలం నుంచి పత్తికి కొట్టే మందు తెచ్చిపెట్టారు. అది కొట్టొచ్చా? చెట్టే కొట్టేయమంటారా?

సలహా: ముందు ఆ మందు డబ్బాను ఇంట్లోంచి పంపించేయండమ్మా, మిగతాది తర్వాత. పత్తికి, మిరపకు వాడే మందుల్లో కొన్ని చర్మం నుంచి, ఊపిరి నుంచి కూడా ఒంట్లోకి పోతాయి. వరంగల్ వైపు పనిచేసే డాక్టర్లకు పురుగుమందు కేసులు కొత్త కాదు, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టింది పిల్లలు తాగేసినవి కూడా వస్తుంటాయి. పైగా ఆ మునగాకు, కాయలు మీరు వండుకు తినేవే కదా.

ఈ పురుగు కరిచి ఏమీ చేయదు. దాని ఒంటి మీది సన్నటి వెంట్రుకలే చర్మంలో గుచ్చుకుంటాయి, గోకినకొద్దీ విరిగి ఇంకా లోపలికి పోతాయి. పురుగు తగలాలని కూడా లేదు, రాలిన నూగు గాలికి వచ్చి ఆరేసిన తువ్వాలకు అంటుకున్నా చాలు. బాబుకు మెడ, చేతుల దగ్గరే ఉందంటే నా అనుమానం ఆ తీగ మీదే. కొందరు దీన్ని చూసి అమ్మవారు పోసిందనుకుని వేపాకులు కట్టి ఊరుకుంటారు. జ్వరం, నీటి పొక్కులు ఉంటే మాత్రం వెంటనే చూపించండి.

దద్దురు ఉన్నచోట సెల్లో టేప్ ముక్క మెల్లగా అద్ది లాగేయండి, ప్రతిసారి కొత్త ముక్కతో నాలుగైదు సార్లు. టేపును వెలుతురుకు పట్టి చూస్తే అంటుకున్న నూగు మీకే కనిపించొచ్చు. తర్వాత సబ్బు పెట్టి నీళ్లు ధారగా పోసి కడగాలి, తుడవొద్దు, అలాగే ఆరనివ్వాలి. బట్టలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టి, పైన కాలమైన్ లోషన్ రాస్తే మంట దిగుతుంది. పసుపు, సున్నం పట్టించొద్దు, సున్నంతో తోలు కాలిపోయి వచ్చినవాళ్లను చూశాను. దురద ఆగకపోతే పెద్దవాళ్లు రాత్రిపూట సెటిరిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకోవచ్చు, మగతగా ఉంటుంది కాబట్టి బండి నడపొద్దు. అత్తమ్మకు కిడ్నీ సమస్య ఉంటే, వేరే మాత్రలు వాడుతుంటే డాక్టర్‌ను అడిగి వేసుకోవాలి. బాబుకు బరువును బట్టి సిరప్ డాక్టరే రాయాలి.

కంట్లో పడితే అస్సలు నలపొద్దు. శుభ్రమైన నీళ్లతో కడిగి, అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఎందుకంటే ఆ వెంట్రుక కంటి లోపలికి దిగిపోగలదు. పెదాలు, నాలుక వాచినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ఇక చెట్టు. కొట్టేయక్కర్లేదు. ఈ పురుగులు రాత్రి పైకెక్కి ఆకు తింటాయి, పగలు మొద్దు మీదికి దిగి ఒకేచోట ముద్దలా ఉంటాయి, అది మనకు మంచిదే. ఫుల్ చేతుల చొక్కా, గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కు వేసుకుని, బాబును లోపల ఉంచి, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లతో ఆ గుంపును బాగా తడపండి. తడిశాకే పొడవాటి కర్రతో సబ్బు నీళ్ల బకెట్‌లోకి దులపండి. పొడి చీపురుతో ఊడిస్తే నూగంతా లేస్తుంది. పొలాల్లో దివిటీతో కాలుస్తారు గానీ ఇంటి పెరట్లో ఆ పని వద్దు, వెంట్రుకలు పొగతో పాటు కిటికీల్లోంచి లోపలికి వస్తాయి. ఆకుల మీద చిన్న పురుగులుంటే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయొచ్చు. ఎండాకాలంలో చెట్టు మొదట్లో మట్టి తిరగేస్తే లోపలున్న ప్యూపాలు (పురుగు రెక్కల పురుగుగా మారే ముందు దశ) బయటపడతాయి, పక్షులే తినేస్తాయి.

బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి డాబా మీద ఆరేయండి. అత్తమ్మకు షుగర్ కాబట్టి గోకినచోట చీము పట్టినా, ఎర్రగా వాచినా ఆగకుండా చూపించండి. ఎవరికైనా వారంలో తగ్గకపోతే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఫోన్‌లో పురుగు ఫొటో తీసుకెళ్తే చాలు. అగ్గిపెట్టెలో పురుగునే పెట్టుకుని వచ్చి నా టేబుల్ మీద తెరిచినవాళ్లున్నారు, అలా మాత్రం చేయకండి.