భోషాణంలో డచ్చి పుస్తకం

ప్రశ్న: మా తాతగారి భోషాణంలో తెల్లతోలు అట్ట ఉన్న లావుపాటి డచ్చి పుస్తకం దొరికింది. బాల్తాజార్ బెక్కర్ రాసిన 'డె బెటోవెర్డె వేరెల్ట్', 1691 అని ఉందట. పేరుకి అర్థం 'మంత్రం పడిన లోకం' అని తెలిసి, చిల్లంగి పుస్తకం ఇంట్లో ఉంచొద్దని పెద్దవాళ్లు పట్టుబడుతున్నారు. ఇది అసలు ప్రతేనా? పురుగు కన్నాలున్నాయి, ఎండలో పెట్టొచ్చా? విదేశాల వాళ్లకు అమ్మొచ్చా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ముందు పెద్దవాళ్ల భయం తీర్చండి. చిల్లంగి, చేతబడి వంటివి లేవని వాదించిన పుస్తకం ఇది. బెక్కర్ అమ్‌స్టర్‌డామ్‌లో చర్చి బోధకుడు, ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ ఆలోచనల్ని అభిమానించినవాడు. శరీరం లేని ఆత్మ మనిషి ఒంటి మీద పనిచేయలేదనీ, సైతానుకు లోకం మీద పెత్తనం లేదనీ వాదించాడు. దయ్యాల గురించి రకరకాల జనాల నమ్మకాలు మొదటి భాగంలో ఉంటాయి. చివరి భాగంలో, మంత్రాలు పనిచేశాయని జనం చూపించే సంఘటనలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తాడు. ఈ పుస్తకం వల్లే 1692లో చర్చి ఆయన్ని బోధక పదవి నుంచి తీసేసింది. చిల్లంగి అనుమానంతో మనుషుల్ని కొట్టే వార్తలు మన ఏజెన్సీ నుంచి ఇప్పటికీ వస్తున్నాయి కదా, ఈ పుస్తకం మీ ఇంట్లో ఉండటం మంచిదే.

ఇక అసలుదో కాదో చూద్దాం. ఒక కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టండి. చేత్తో పోసిన కాగితమైతే దగ్గర దగ్గరగా సన్న గీతలు, వాటికి అడ్డంగా సుమారు రెండున్నర సెంటీమీటర్లకొకటి చొప్పున లావు గీతలు కనిపిస్తాయి. ఇది క్వార్టో పుస్తకం, అంటే పెద్ద కాగితాన్ని రెండుసార్లు మడిచి నాలుగు ఆకులు చేస్తారు. అందుకని లావు గీతలు పుటలో అడ్డంగా ఉండాలి, నీటిగుర్తు (వెలుతురులో కనిపించే, కాగితం తయారీదారు ముద్ర) కుట్టు మడతలో దాక్కోవాలి. పుట వెనక వేలు పెట్టి చూస్తే అచ్చు అక్షరాల ఒత్తు తగులుతుంది. భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తే మాత్రం ఈ కాలపు నకలే.

పుటలు పోయాయేమో అంకెల్ని బట్టి తేల్చకండి, ఆ రోజుల్లో పుటల అంకెలు తరచూ తప్పు పడేవి. పుట అడుగున ఏ, ఏ2, ఏ3 అని ఉండే గుర్తుల్ని వరసగా చూడండి. నాలుగో ఆకుకు సాధారణంగా గుర్తుండదు. ఈ వరసలో జె, యు, డబ్ల్యు వాడరు కాబట్టి ఐ తర్వాత కె వస్తే కంగారు పడొద్దు. పుట చివర కుడి మూలన విడిగా ఉన్న మాటతోనే తర్వాతి పుట మొదలవ్వాలి. అలా మొదలవకపోతే అక్కడ ఆకు పోయిందేమోనని అనుమానించాలి.

మొత్తం నాలుగు భాగాలు: మొదటి రెండూ 1691లో, తర్వాతి రెండూ 1693లో వచ్చాయి. ఒకే అట్టలో రెండు సంవత్సరాలు కనిపించినా అనుమానించక్కర్లేదు. అమ్‌స్టర్‌డామ్‌లో డానియెల్ వాన్ డెన్ డాలెన్ వేసిన ప్రతులను దొంగ అచ్చుల నుంచి వేరు చేయడానికి బెక్కర్ స్వయంగా సంతకం పెట్టాడు. గోధుమరంగుకు తిరిగిన సిరా సంతకం ఎక్కడైనా ఉందేమో ప్రతి భాగాన్నీ ఓపిగ్గా వెతకండి. కనిపిస్తే దాని మీద తడి పడనీయొద్దు.

ఎండలో పెట్టొద్దు. పైనున్నది చర్మం, తేమ పోగానే ముడుచుకుని అట్టల్ని విల్లులా వంచేస్తుంది. తిరిగి సాపు చేద్దామని బరువు పెడితే చీలుతుంది. పురుగు బతికుందో లేదో తెలియాలంటే పుస్తకాన్ని నల్ల కాగితం మీద రెండు వారాలు కదపకుండా ఉంచండి. కొత్తగా లేతరంగు పొడి రాలిందంటే బతికే ఉంది. అప్పుడు పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 నుంచి 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలుంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పొద్దు. వెంటనే విప్పితే గాలిలో తేమ పుస్తకం మీదే చెమర్చుతుంది.

దుమ్ము దులిపేటప్పుడు పుస్తకం మూసి, పై అంచును మెత్తటి బ్రష్‌తో వీపు వైపు నుంచి బయటికి తుడవండి. తెరిచేటప్పుడు రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు ఆసరా పెట్టి, సగానికి మించి తెరవకండి. చేతులు కడిగి ఆరబెట్టుకుంటే చాలు, గ్లవ్స్ వేసుకుంటే ఆకు అంచు తెలియక చినుగుతుంది. సెల్లోటేపు, ఫెవికాల్, తోలుకు రాసే నూనె, నాఫ్తలీన్ ఉండలు ఏవీ వద్దు.

చుట్టడానికి పొందూరు ఖద్దరు ముక్క బాగుంటుంది, కానీ రెండుసార్లు ఉతికి గంజి పూర్తిగా పోగొట్టండి. గంజి వాసనకు వెండిపురుగులు వస్తాయి. వసకొమ్ము ముక్కల్ని చిన్న మూటకట్టి పుస్తకానికి తగలకుండా పక్కన పెట్టండి, వాసన తగ్గగానే మార్చండి. వానాకాలంలో ఇనప్పెట్టెలో బిగించొద్దు, లోపల బూజు పడుతుంది. బయటి గోడకు ఆనుకోని చెక్క బీరువాలో నడిమి అర మేలు.

ధర సంగతికొస్తే, నాలుగు భాగాలూ నిండుగా ఉన్నాయా, సంతకం ఉందా అన్నవే తేలుస్తాయి. అవి చూసుకోకుండా ఎవరు చెప్పిన అంకెకూ ఒప్పుకోకండి. విదేశాలకు అమ్మే ఆలోచన ఉంటే 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది. వందేళ్లు దాటి, చారిత్రక విలువ ఉన్న వస్తువును ప్రైవేటు వ్యక్తి దేశం దాటించకూడదు. కొరియర్‌లో వేసే ముందు, ఇది ఆ చట్టం కిందికి వస్తుందో రాదో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.