ఆ ఒక్క నిరుద్యోగ శాతాన్నే నమ్మి గీత గీయకమ్మా

అమ్మాయ్,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. వృద్ధిరేటు, ద్రవ్యోల్బణం, నిరుద్యోగం మూడూ పెట్టి వర్ధమాన దేశాలకు లెక్క కడితే వృద్ధి పెరిగితే నిరుద్యోగం తగ్గుతుందని, నిరుద్యోగం తగ్గితే ధరలు పెరుగుతాయని పుస్తకాల్లో చెప్పిన సంబంధం ఎక్కడా రావడం లేదు, థీసిస్ గడువేమో దగ్గర పడింది, టెన్షన్‌గా ఉందన్నావు. కంగారుపడకు. నీ లెక్క సరిగానే ఉండొచ్చు. ముందు ఆ నిరుద్యోగం అంకె ఎలా పుట్టిందో చూడు.

నైజీరియా సంగతే తీసుకో. 2020 చివరి త్రైమాసికంలో అక్కడ నిరుద్యోగం 33.3 శాతం, 2023 మొదటి త్రైమాసికంలో 4.1 శాతం. ఈలోపు అన్ని ఉద్యోగాలు ఎక్కడినుంచి వచ్చాయి? రాలేదు. పాత పద్ధతిలో వారానికి 20 గంటల పని కూడా దొరకనివాళ్లను నిరుద్యోగుల్లో కలిపేవారు, కొత్త పద్ధతిలో వారంలో ఒక్క గంట చేసినా పనిలో ఉన్నట్టే. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం అదే. ఈ రెండు అంకెల్నీ ఒకే వరుసలో పెట్టి లెక్క కడితే ఏదో ఒక జవాబు వస్తుంది కానీ దానికి అర్థం ఉండదు.

నేను సర్వేలకు తిరిగే రోజుల్లో ఒకావిడను "ఏమైనా పని చేస్తున్నారా అమ్మా" అని అడిగాను. "లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంది. చేతిలో సూది, ఒళ్లో ఎవరిదో చొక్కా, పక్కన ఇంకా కుట్టాల్సిన బట్టల మూట. ఏ గడిలో టిక్కు పెట్టాలో తేలక ఫారం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ప్రపంచంలో పనిచేసేవాళ్లలో 60 శాతానికి పైగా, అంటే దాదాపు 200 కోట్ల మంది, అసంఘటితంగానే పనిచేస్తున్నారని కార్మిక సంస్థ 2018లో లెక్క తేల్చింది. చేతిలో నాలుగు డబ్బులు లేనివాళ్లు నెలల తరబడి ఉద్యోగం వెతుక్కుంటూ కూర్చోలేరు, ఏది దొరికితే అది చేస్తారు. బాగా పేద దేశాల్లో నిరుద్యోగం చాలాసార్లు తక్కువగా కనిపించేది అందుకే.

ఇక నిరుద్యోగం తగ్గితే జీతాలు త్వరగా పెరుగుతాయని గీత గీసి చూపిన ఆర్థికవేత్త ఫిలిప్స్ సంగతి. 1958లో ఆయన చూసింది బ్రిటన్‌ని, 1861 నుంచి 1957 దాకా అక్కడి వేతనాల్నీ నిరుద్యోగాన్నీ. మనుషులు దొరక్క యజమానులు పోటీపడితే జీతాలు పెరుగుతాయన్నది ఆ గీతకు కీలకం. నువ్వు ఎంచుకున్న దేశాల్లో ధరలు చాలాసార్లు ఆ పోటీవల్ల పెరగవు. వానలు లేక పంట పోయి, చమురు ధర పెరిగి, లేదా కరెన్సీ విలువ పడిపోయి పెరుగుతాయి. అలాంటి ఏడాది ఒక ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించు: తండ్రి కూలి చాలదు, అప్పటిదాకా ఇల్లు చూసుకున్న తల్లి పనికి వెళ్తుంది, పెద్దపిల్లాడు చదువు మానేసి వెళ్తాడు. ధరలు పెరిగాయి, పనిలో ఉన్నవాళ్లూ పెరిగారు, నిరుద్యోగం శాతం తగ్గింది. కాగితం మీద అచ్చం ఫిలిప్స్ రేఖే! దాన్ని చూసి కాస్త ద్రవ్యోల్బణం ఉంటే ఉద్యోగాలు వస్తాయని రాస్తే ఆ పిల్లాడికి అన్యాయం చేసినట్టే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

వృద్ధి ఇంత పెరిగితే నిరుద్యోగం ఇంత తగ్గుతుందని ఆర్థికవేత్త ఒకున్ 1962లో చెప్పిన నిష్పత్తి అమెరికాది, దాన్ని తెచ్చి అతికించకు. చమురు బావుల్లో వచ్చిన వృద్ధీ, కుట్టు ఫ్యాక్టరీల్లో వచ్చిన వృద్ధీ ఒకే శాతం కావచ్చు, ఉద్యోగాలు మాత్రం ఒకేలా రావు. పైగా నగరంలో ఉద్యోగాలు పెరిగితే పల్లెల నుంచి అంతకన్నా ఎక్కువమంది తరలివచ్చి నగరంలో నిరుద్యోగం ఇంకా పెరగొచ్చని హారిస్, టొడారో అనే ఆర్థికవేత్తలు 1970లోనే చూపించారు, అది తప్పక చదువు.

ఇంకొకటి, ప్రపంచ బ్యాంకు డేటా దించుకుని ఉంటావు. అందులో నిరుద్యోగానికి కార్మిక సంస్థ మోడల్ అంచనాల వరుస ఒకటి, దేశాలు ఇచ్చిన అంచనాల వరుస ఒకటి వేరువేరుగా ఉంటాయి. మొదటిదాంట్లో సర్వే జరగని ఏళ్లను జీడీపీ వృద్ధిలాంటివి వాడి పూరిస్తారు. వృద్ధితో కట్టిన అంకెను మళ్లీ వృద్ధితో పోల్చి "సంబంధం ఉంది" అంటే ఎలాగమ్మా? సర్వే జరిగిన ఏళ్లు మాత్రమే ఉంచు, తక్కువైనా ఫరవాలేదు. ద్రవ్యోల్బణాన్ని తిండి, ఇంధనం ఒక భాగంగా, మిగతాది ఇంకో భాగంగా విడగొట్టు. నిరుద్యోగం పక్కన నిజ వేతనం (ధరల పెరుగుదల తీసేస్తే మిగిలే జీతం విలువ), పనిగంటలు, నెలజీతం మీద ఉన్నవాళ్ల వాటా కూడా పెట్టు.

గైడ్ ఒప్పుకోకపోతే నైజీరియావి ఆ రెండు అంకెలూ చూపించు. దేశాల పట్టిక తయారుచేసి, ఎక్కడ ఏ ఏడాది నిర్వచనం మారిందో పక్కనే రాసి నాకు పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను.