బెంచీ మీద ‘జోకులు’: ఇది ర్యాగింగ్ కిందికి వస్తుందా?

సందేహం: నేను పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. కాస్త లావుగా ఉంటాను. క్లాసులో కొందరు నన్ను పేరుతో పిలవడం మానేసి ‘రోడ్ రోలర్’ అంటున్నారు. నేను బెంచీ మీద కూర్చోగానే పక్కవాళ్లు ఎగిరిపడినట్టు నటిస్తారు. తింటుండగా నా ఫొటో తీసి, స్టిక్కర్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరి ముందూ తినడం మానేశాను. సెమినార్ ఇవ్వడానికి లేవలేక ఇంటర్నల్ మార్కులు పోగొట్టుకున్నాను. వాళ్లు సీనియర్లు కారు, నా మీద చెయ్యీ చేసుకోలేదు. ఫిర్యాదు చేస్తే ‘జోక్‌కి కూడా కేసా’ అంటారేమో! ఏదైనా దారి ఉందా?
- ఒక విద్యార్థిని

జవాబు: ఉందమ్మా. ర్యాగింగ్ అంటే సీనియర్లు జూనియర్లను ఏడిపించడమే అనుకుంటాం. యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనలు అలా అనవు. ఏ విద్యార్థి ఏ విద్యార్థిని వేధించినా అవి వర్తిస్తాయి. 2016 సవరణ అయితే నేరుగా మీ సమస్యనే పట్టుకుంది. కులం, మతం, రంగు, భాష, ప్రాంతంతో పాటు ‘రూపం’ కారణంగా ఒకరిని మానసికంగా వేధించినా, దూరం పెట్టినా ర్యాగింగేనని చేర్చింది. కాబట్టి చెయ్యి చేసుకోలేదు కదా అనే మాట చెల్లదు. మీరు ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో చదువుతుంటే 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం కూడా ఉంది. తోటి విద్యార్థిని ఏడిపించి అవమానిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కోపంతో గ్రూపులోంచి బయటికి వచ్చేయకండి. ముందు ఆ స్టిక్కర్, దాని కింద వచ్చిన మెసేజ్‌లు తేదీ, పంపినవారి నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఫోన్‌లోని అసలు చాట్ చెరిపేయవద్దు, రేపు కోర్టుదాకా వెళ్తే అదే కీలకం. ఫిర్యాదులో ‘అసభ్యంగా మాట్లాడారు’ అని రాసి వదిలేస్తే కమిటీకి ఏమీ అర్థం కాదు. ఏ రోజు, ఏ క్లాసులో, ఎవరు, ఏ మాట అన్నారో అదే మాట రాయండి. సిగ్గుపడాల్సింది మీరు కాదు. చూసిన స్నేహితురాలు ఒక్కరు ముందుకొచ్చినా బలమే.

ఆ ఫిర్యాదును మీ సంస్థలోని యాంటీ ర్యాగింగ్ కమిటీకి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అక్కడ ఇవ్వడానికి భయమైతే 1800-180-5522 హెల్ప్‌లైన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది. తప్పు రుజువైతే క్లాసుల నుంచి సస్పెన్షన్ మొదలుకొని పరీక్షలు రాయనివ్వకపోవడం, హాస్టల్ నుంచి పంపేయడం వరకు శిక్షలున్నాయి. మాటల్లో లైంగిక వ్యాఖ్యలు కూడా ఉంటే, అవి అన్న మూడు నెలల్లోపు కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి వెళ్లండి. భారతీయ న్యాయ సంహిత 75, 79 సెక్షన్ల కింద పోలీసులకూ ఫిర్యాదు చేయవచ్చు. పరువునష్టం దావా మాత్రం నేను సూచించను. అది తేలేలోపు మీ చదువు అయిపోతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీరు అందరి ముందూ తినడం మానేయడం. ఈరోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ కౌన్సెలర్లు ఉచితంగా మాట్లాడతారు. ఫిర్యాదు చివర రెండు కోరికలు విడిగా రాయండి: స్టిక్కర్‌ను అందరి చేతా తీయించాలని, పోయిన సెమినార్‌కు మరో అవకాశం ఇవ్వాలని. అడగకపోతే ఆ రెండో సంగతి కమిటీ దృష్టికే రాదు.