ఓపీటీలో ఉన్నాను, "వారంలో రీఫండ్ ఇప్పిస్తాం" అని ఫోన్లు వస్తున్నాయి. ఫీజు కట్టాలా, టాక్స్ సొంతంగా ఫైల్ చేసుకోవచ్చా?

సొంతంగా చేసుకోవచ్చు. మీరు రాసిన వివరాలు చూస్తే 2023 ఆగస్టులో అమెరికాకు ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చారు, 2025 మేలో ఎమ్మెస్ అయిపోయింది, జూన్ చివర్లో డాలస్ దగ్గర ఓపీటీ (చదువయ్యాక ఎఫ్-1 మీదే పనిచేసే అనుమతి) మీద ఉద్యోగం మొదలుపెట్టారు. ఒక డబ్ల్యూ-2 (జీతం, కోసిన టాక్స్ చూపిస్తూ కంపెనీ ఇచ్చే ఫామ్), సేవింగ్స్ అకౌంట్‌లో కొంచెం వడ్డీ, అంతే. ఇంతకంటే తేలికైన రిటర్న్ ఉండదు. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసినవాళ్లు "ముందు ఏమీ కట్టక్కర్లేదు, రీఫండ్‌లో పది శాతం తీసుకుంటాం, వారంలో డబ్బు అకౌంట్‌లో పడుతుంది" అన్నారని రాశారు. ముందు ఆ వారం సంగతి చూద్దాం, ఎందుకంటే కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కువగా నమ్మేది ఆ మాటనే.

రీఫండ్ ఇచ్చేది ఐఆర్ఎస్, అంటే అమెరికా ప్రభుత్వ టాక్స్ శాఖ. ఈ-ఫైల్ చేసి డైరెక్ట్ డిపాజిట్ పెట్టుకుంటే చాలామందికి 21 రోజుల్లోపు వస్తుందని వాళ్లే చెప్తారు. మీరు రాత్రి భోంచేశాక లాప్‌టాప్ ముందు కూర్చుని పంపినా, అమీర్‌పేటలో కూర్చుని ఎవరో పంపినా ఆ రిటర్న్ వెళ్లి చేరేది ఒకే క్యూలో. డబ్బు తీసుకున్నవాళ్ల కోసం అక్కడ వేరే కౌంటర్ లేదు. మరి కొందరికి నిజంగానే రెండు మూడు రోజుల్లో డబ్బు ఎలా వస్తోంది అంటే, అది రీఫండ్ అడ్వాన్స్, అంటే మీ రీఫండ్‌ని చూపించి ఇచ్చే అప్పు. కొన్నిచోట్ల వడ్డీ లేదంటారు, కానీ రిటర్న్ వాళ్ల దగ్గరే చేయించుకోవాలి, ఆ ఫీజు మాత్రం కట్టాలి. ఇంకోటి రీఫండ్ ట్రాన్స్‌ఫర్. మీ డబ్బు ముందు వాళ్లు తెరిచిన తాత్కాలిక అకౌంట్‌లోకి వెళ్లి, ఫీజులు పోగా మిగిలింది మీకు వస్తుంది. దీంతో ఒక్క రోజు కూడా త్వరగా రాదు, పైగా మధ్యలో ఇంకో బ్యాంకు చేరింది. "ముందు ఏమీ కట్టక్కర్లేదు" అనే మాట వెనక ఎక్కువసార్లు ఉండేది ఇదే.

ఇక పది శాతం. రీఫండ్‌లో ఇంత వాటా అని ఫీజు అడిగేవాళ్లకు దూరంగా ఉండమని ఐఆర్ఎస్ స్వయంగా హెచ్చరిస్తుంది. కారణం సులభంగానే అర్థమవుతుంది, రీఫండ్ ఎంత పెద్దగా చూపిస్తే వాళ్లకు అంత వస్తుంది, తప్పు బయటపడిన రోజు కట్టాల్సింది మాత్రం సంతకం పెట్టిన మీరు.

నా ఓపీటీ రోజుల్లో కూడా జనవరి వచ్చిందంటే చాలు ఫోన్లు మొదలయ్యేవి, మన నంబర్లు వాళ్లకు ఎలా దొరుకుతాయో కానీ పేరు, యూనివర్సిటీతో సహా చెప్పేవాళ్లు. ఒకరికి డబ్ల్యూ-2 పంపి, డబ్బు కట్టేముందు డ్రాఫ్ట్ చూపించమన్నాను. చూపించారు. నేను నాన్ రెసిడెంట్‌ని, అంటే టాక్స్ లెక్కల్లో అమెరికా నివాసిని కాను, నాకు వేయాల్సింది నాన్ రెసిడెంట్ల రిటర్న్ ఫామ్ 1040-ఎన్ఆర్, వాళ్లు వేసింది రెసిడెంట్లు వేసే మామూలు 1040. దానికి ఫామ్ 8863 జతచేసి అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ (చదువు ఖర్చుకు ఇచ్చే టాక్స్ తగ్గింపు) క్లెయిమ్ చేశారు. ఆ క్రెడిట్ నాన్ రెసిడెంట్‌కి రాదు, అసలు అది డిగ్రీ మొదటి నాలుగేళ్ల చదువుకు ఇచ్చేది, ఎమ్మెస్ వాళ్లకు రెసిడెంట్ అయినా రాదు. ఇదేంటండీ అని అడిగితే "సర్, మీ బ్యాచ్ అందరికీ ఇలాగే చేశాం, ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు. నా డాక్యుమెంట్లు డిలీట్ చేయమని మెయిల్ పెట్టి, యూనివర్సిటీ ఇచ్చిన కోడ్‌తో సాఫ్ట్‌వేర్‌లో నేనే చేసుకున్నాను. మా రూమ్మేట్ మాత్రం అలాంటి ఒక సంస్థ దగ్గరే చేయించుకున్నాడు. ఆ ఏడాది అతని రీఫండ్ నాకంటే చాలా ఎక్కువ. తర్వాత హెచ్-1 (ఉద్యోగ వీసా) కూడా వచ్చేశాక ఐఆర్ఎస్ నుంచి ఉత్తరం వచ్చింది, తీసుకున్న క్రెడిట్, దాని మీద వడ్డీ, పెనాల్టీ కట్టమని. అప్పటికి ఆ ఫోన్ నంబర్ పనిచేయడం లేదు. ఇంటికి డబ్బు పంపాల్సిన నెలలో ఆ మొత్తం సర్దడానికి వాడు పడ్డ టెన్షన్ పక్కనే ఉండి చూశాను కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీ లెక్కే ఉజ్జాయింపుగా వేద్దాం. ఏడాదికి 80,000 డాలర్ల జీతం, సగం ఏడాదే పనిచేశారు కాబట్టి డబ్ల్యూ-2 మొదటి బాక్సులో 40,000 ఉంటుందనుకోండి. భారత్-అమెరికా టాక్స్ ట్రీటీలో ఆర్టికల్ 21(2) వల్ల మన విద్యార్థులు నాన్ రెసిడెంట్ అయినా స్టాండర్డ్ డిడక్షన్ (టాక్స్ లెక్కేసేముందు ఆదాయంలోంచి తీసేసే స్థిర మొత్తం) తీసుకోవచ్చు, చాలా దేశాల పిల్లలకు ఈ వెసులుబాటు లేదు. 2025కి అది 15,750. మిగిలింది 24,250. అందులో మొదటి 11,925 మీద 10 శాతం, తర్వాతది 12 శాతం, మొత్తం టాక్స్ దాదాపు 2,670. కానీ పేరోల్ వాళ్లు ప్రతి చెక్కులోనూ మీరు ఏడాది పొడుగునా 80,000 సంపాదిస్తారన్నట్టుగా కోస్తారు కాబట్టి, రెండో బాక్సులో 4,500 దాకా కట్ అయి ఉండొచ్చు. తేడా 1,830 డాలర్లు వెనక్కి వస్తుంది. ఇది ఎవరి తెలివితేటల వల్లా వచ్చింది కాదు, మీ జీతంలోంచి ఎక్కువ కోసుకున్న మీ డబ్బు. ఓపీటీ మొదటి ఏడాది రీఫండ్ పెద్దగా ఉండటం మామూలే. ఏజెంట్ "నేను తెప్పించాను" అని చూపించేది మొదట ఇదే, దానికి 2,500 దొంగ క్రెడిట్ కలిపితే 4,330 అవుతుంది, వాళ్ల వాటా 433. మీరు డబ్బిచ్చి కొనుక్కునేది ఆ ఐఆర్ఎస్ ఉత్తరాన్ని.

వాళ్లు చాలాసార్లు చూడనిది ఇంకోటుంది, అది పెద్దది. డబ్ల్యూ-2లో 4, 6 బాక్సులు చూడండి. అవి సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం. నాన్ రెసిడెంట్‌గా ఉన్న ఎఫ్-1 విద్యార్థికి, ఓపీటీలో కూడా, ఈ రెండూ ఉండకూడదు. చిన్న కంపెనీల్లో పేరోల్ వాళ్లకు ఇది తెలియక కోసేస్తుంటారు. 40,000 మీద అది 3,060 డాలర్లు, పైన చెప్పిన రీఫండ్ కంటే ఎక్కువ. ఇది 1040-ఎన్ఆర్‌తో రాదు. ముందు కంపెనీ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, వాళ్లే వెనక్కిచ్చి సరిచేసిన డబ్ల్యూ-2సీ ఇవ్వాలి. వాళ్లు ఇవ్వం అంటే ఫామ్ 843, ఫామ్ 8316 నింపి ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు), వీసా, ఈఏడీ (పని అనుమతి కార్డు) కాపీలతో పోస్టులో ఐఆర్ఎస్‌కి పంపాలి. దీనికి టైమ్ పడుతుంది, ఓపిక పట్టాల్సిందే. హెచ్-1కి మారాక మాత్రం ఈ మినహాయింపు ఉండదు.

మీరు నాన్ రెసిడెంట్ అని ఎలా తెలుస్తుందంటే, ఎఫ్-1 వాళ్లకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో అమెరికాలో ఉన్న రోజులు రెసిడెంట్ అయ్యారా అని చూసే లెక్కలోకి రావు. ఆగస్టులో దిగినా ఆ ఏడాది ఒక ఏడాది కిందే పోతుంది. అంటే 2023 నుంచి 2027 దాకా మీకు ఆ ఐదేళ్లు. అందుకే ప్రతి ఏడాదీ, ఆ రోజులు లెక్కలోకి రావని చెప్పే ఫామ్ 8843 కూడా వేయాలి, ఆదాయం లేని ఏడాదైనా సరే. 2023, 2024కి వేశారో లేదో ఒకసారి చూసుకోండి.

పని మొదలుపెట్టేముందు డబ్ల్యూ-2, పాస్‌పోర్ట్, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన ఎఫ్-1 పత్రం), అమెరికాలోకి వచ్చి వెళ్లిన తేదీలు పక్కన పెట్టుకోండి. తేదీలు ఐ-94 సైట్‌లో ట్రావెల్ హిస్టరీలో దొరుకుతాయి. మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి, చాలా యూనివర్సిటీలు నాన్ రెసిడెంట్ల టాక్స్ సాఫ్ట్‌వేర్లయిన స్ప్రింటాక్స్‌కో గ్లేసియర్ టాక్స్ ప్రెప్‌కో ఉచిత కోడ్ ఇస్తాయి, ఓపీటీలో ఉన్నవాళ్లకు కూడా ఇస్తారేమో అడగండి. టర్బోటాక్స్ 1040-ఎన్ఆర్ చేయదు, అందులో మొదలుపెట్టారంటే అది మామూలు 1040లోకి తీసుకెళ్తుంది, కాబట్టి దాని జోలికి ఈ ఏడాది వెళ్లకండి. కోడ్ దొరక్కపోతే వీటా అని ఐఆర్ఎస్ శిక్షణ ఇచ్చిన వాలంటీర్ల సెంటర్లు ఉంటాయి, ఉచితం, కాకపోతే ఎఫ్-1 రిటర్న్‌లు చేసే సెంటర్ అవునో కాదో ముందే ఫోన్‌లో కనుక్కోవాలి. ఐఆర్ఎస్ నడిపిన డైరెక్ట్ ఫైల్ (ఉచిత ఆన్‌లైన్ ఫైలింగ్) గురించి పాత పోస్టుల్లో చదివి వెతకొద్దు, 2026 సీజన్‌కి అది లేదు.

సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్నలకు సమాధానాలిచ్చుకుంటూ పోవడమే. సేవింగ్స్ వడ్డీ గురించి కంగారు వద్దు, నాన్ రెసిడెంట్‌కి అమెరికా బ్యాంకు డిపాజిట్ వడ్డీ మీద టాక్స్ లేదు. సంతకం దగ్గర పోయిన ఏడాది ఏజీఐ (రిటర్న్‌లో చూపిన సర్దుబాటు చేసిన ఆదాయం) అడుగుతుంది, పోయిన ఏడాది ఫైల్ చేయకపోతే సున్నా వేయాలి. పంపేముందు పీడీఎఫ్ దించుకుని మూడు విషయాలు కళ్లతో చూడండి. పైన 1040-ఎన్ఆర్ అని ఉందా, స్టాండర్డ్ డిడక్షన్ దగ్గర ట్రీటీ ప్రస్తావన ఉందా, 35బి, 35డి లైన్లలో ఉన్న రూటింగ్ నంబర్, అకౌంట్ నంబర్ మీవేనా. ఈ చివరిది ఎవరితో చేయించుకున్నా చూడాల్సిందే, వేరే అకౌంట్ నంబర్ వేసి రీఫండ్ పట్టుకుపోయిన కేసులు ఉన్నాయి. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి మీకు ఫెడరల్ ఒక్కటే. గడువు ఏప్రిల్ 15. కుదరదనుకుంటే ఫామ్ 4868తో అక్టోబర్ 15 దాకా టైమ్ తీసుకోవచ్చు, అయితే అది ఫైల్ చేయడానికే, కట్టాల్సింది ఉంటే ఏప్రిల్‌లోనే కట్టాలి.

పంపిన 24 గంటల తర్వాత ఐఆర్ఎస్ సైట్‌లో "వేర్ ఈజ్ మై రీఫండ్" పేజీలో సోషల్ నంబర్, ఫైలింగ్ స్టేటస్, రీఫండ్ మొత్తం కొడితే ఎక్కడిదాకా వచ్చిందో చూపిస్తుంది. "మాకు లోపల తెలిసినవాళ్లు ఉన్నారు, స్టేటస్ కనుక్కుంటాం" అనే ఏజెంట్లు చూసేదీ ఈ పేజీనే.

డబ్బిచ్చి చేయించుకోవడమే తప్పని నేను అనను. ఎఫ్-1 నుంచి హెచ్-1కి మారిన ఏడాది డ్యూయల్ స్టేటస్ (ఒకే ఏడాదిలో కొంతకాలం నాన్ రెసిడెంట్, కొంతకాలం రెసిడెంట్) రావొచ్చు, ఇండియాలో ఇల్లో స్థలమో అమ్మితే, కంపెనీ షేర్లు ఉంటే నిజంగానే చిక్కుగా ఉంటుంది. అప్పుడు మంచి సీపీఏకి (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్) ముందే మాట్లాడుకున్న ఫీజు ఇచ్చి చేయించుకోండి. ఆయన పేరు, పీటిన్ నంబర్ (రిటర్న్‌లు చేసేవాళ్లకు ఐఆర్ఎస్ ఇచ్చేది) రిటర్న్ మీద ఉండాలి. డబ్బు తీసుకుని చేసి, సంతకం పెట్టకుండా "సెల్ఫ్ ప్రిపేర్డ్" అని పంపేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. హెచ్-1కి మారాక ఇండియాలో ఉన్న అమ్మానాన్నలను డిపెండెంట్లుగా పెడదాం అనేవాళ్లూ వస్తారు. అమెరికా, కెనడా, మెక్సికోల్లో నివాసం లేని, అమెరికా పౌరులు కాని తల్లిదండ్రులను అలా పెట్టడానికి వీల్లేదు.

చివరగా, కామెంట్‌లో అడిగారు, "ఇప్పటికే డబ్ల్యూ-2, పాస్‌పోర్ట్ వాళ్లకు వాట్సాప్‌లో పంపేశాను, ఎలా" అని. ఫామ్ 8879 మీద సంతకం పెట్టకపోతే వాళ్లకు ఈ-ఫైల్ చేసే అధికారం లేదు, ఫైల్ చేయొద్దని ఈ రోజే మెయిల్ రూపంలో పెట్టండి. ఐఆర్ఎస్ సైట్‌లో అకౌంట్ తెరిచి ఐపీ పిన్ తీసుకోండి, ఆ ఆరంకెల నంబర్ లేకుండా మీ పేరు మీద ఎవరు ఈ-ఫైల్ చేసినా తిరస్కరిస్తుంది. ఆ అకౌంట్‌లోనే ట్రాన్‌స్క్రిప్ట్ చూసి, మీకు తెలియకుండా ఏదైనా వెళ్లిందేమో కూడా తెలుసుకోవచ్చు. ఒకవేళ తప్పు 1040 ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే, 1040-ఎక్స్‌కి సరైన 1040-ఎన్ఆర్ జతచేసి సవరించుకోవచ్చు, ఎక్కువ వచ్చిన డబ్బు ఖర్చుపెట్టకుండా అలాగే ఉంచి దాంతోపాటు తిరిగి కట్టేయండి. ఐఆర్ఎస్ అడిగేలోపు మీరే సవరిస్తే పెనాల్టీ తప్పే అవకాశం చాలా ఎక్కువ. ఫామ్ నింపేటప్పుడు ఎక్కడైనా ఆగితే, సోషల్ నంబర్ కనపడకుండా చేసి ఆ స్క్రీన్‌షాట్ ఇక్కడే పెట్టండి, శనాదివారాల్లో చూసి చెప్తాను.