కొన్న గేమ్ నాది కాదా?

ప్రశ్న: మూడేళ్ల కిందట రెండు వేలు పెట్టి కార్ రేస్ గేమ్ కొన్నానండీ. మొన్న తెరిస్తే ‘కనెక్ట్ అవుతోంది’ అంటూ తిరుగుతూనే ఉంది, అడిగితే సర్వర్లు మూసేశామన్నారు. ఒక్కడినే ఆడుకునేదానికి సర్వర్ ఎందుకు?

జవాబు: మీరొక్కరే కాదండీ. 2014లో వచ్చిన ‘ది క్రూ’ అనే కార్ రేస్ గేమ్ కూడా, ఒక్కరే ఆడినా సరే, నెట్‌లో కంపెనీ కంప్యూటర్లకి (అవే సర్వర్లు) కనెక్ట్ అయితేనే నడిచేది. దాన్ని అమ్మిన యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేస్తే, డిస్క్ కొని బీరువాలో దాచుకున్నవాళ్లకీ అది పనికిరాని బిళ్లే అయింది. ‘కొనండి’ అన్న బటన్ నొక్కినా మన చేతికొచ్చేది ఆడుకునే అనుమతే, అదీ వాళ్లు ఉంచినన్నాళ్లే. ఆ సంగతి కొనేముందే స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో 2025 నుంచి చట్టం అమల్లో ఉంది. (మా ఇంట్లో పాత క్యాసెట్ గేమ్ ఇప్పటికీ ఆడుతుంది, ఉఫ్ అని ఊది పెడితే చాలు!) ఈసారి నెట్ లేకుండా నడుస్తుందో లేదో చూసి కొనండి. ఆ రెండు వేల మీద మాత్రం ఆశ వదులుకోండి.