పాఠకుల ప్రశ్నలు: శాస్త్రి గారి ఇంటి లెక్కలు

ఈసారి ఉత్తరాల్లో చాలా భాగం లాల్ బహదూర్ శాస్త్రి గారి గురించే వచ్చాయి. అక్టోబరు 2 దగ్గర పడుతోంది కదా. గాంధీ గారి జయంతీ ఈయన జయంతీ ఒకే రోజు కావడంతో బడిలో ఉపన్యాసమంతా అయ్యాక చివర్లో రెండు ముక్కలు ఈయన గురించి చెప్పి చాక్లెట్లు పంచేస్తారు. సోషల్ టీచరుగా పనిచేసినన్నాళ్ళూ నాకిది బాధగానే ఉండేది. అందుకే ఈ వారం పేజీ దాదాపు అంతా ఆయనకే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, రైలు ప్రమాదానికి బాధ్యత తీసుకుని శాస్త్రి గారు రాజీనామా చేశారని పిల్లలకి చెబుతుంటాను. ఆ ప్రమాదం మన మహబూబ్‌నగర్ దగ్గరే జరిగిందని మా మామయ్య అంటారు. నేను చదివిన పుస్తకంలో అరియలూరు అని ఉంది. ఏది నిజం?
– ఒక టీచరు, జడ్చర్ల

జవాబు: మీ మామయ్య గారు చెప్పిందీ నిజమే, పుస్తకంలో ఉన్నదీ నిజమే. 1956 సెప్టెంబరు మొదట్లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. ఆంధ్రప్రదేశ్ ఇంకా ఏర్పడలేదు, మీ ప్రాంతం అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. రైల్వే మంత్రిగా శాస్త్రి గారు వెంటనే రాజీనామా ఇచ్చారు. నెహ్రూ గారు ఒప్పుకోలేదు. మూడు నెలలైనా గడవకముందే, నవంబరు 23న, తమిళనాడులోని అరియలూరు దగ్గర వరదకి వంతెన దెబ్బతిని తూత్తుకుడి వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఏట్లో పడింది. అక్కడా వంద మందికి పైగా పోయారు. ఈసారి శాస్త్రి గారు పట్టు విడవలేదు. తప్పు ఈయనది కాకపోయినా, రాజ్యాంగ మర్యాదకు ఒక ఉదాహరణగా నిలవాలని రాజీనామాను ఆమోదిస్తున్నట్టు నెహ్రూ గారు పార్లమెంటులో చెప్పారు.

పిల్లలకి రెండూ చెప్పండమ్మా. ముఖ్యంగా మొదటిది. రాజీనామా వద్దన్నాక కూడా ఆ మాట ఆయన మనసులోంచి పోలేదంటే, మీ ఊరి పక్కన పోయిన ప్రాణాలు ఆయన్ని ఎంత పట్టుకున్నాయో చూడండి.

ప్రశ్న: దేశం కోసం ఇంటిని పక్కన పెట్టిన మహానుభావుడని మా నాన్న శాస్త్రి గారిని తెగ పొగుడుతారు. పెళ్ళాం పిల్లల్ని పట్టించుకోని మనిషిని పొగడడం ఏమిటని మా అక్క గొడవ. మీరెవరి పక్షం?
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: ఇద్దరి పక్షమూ కాదు నాన్నా. ఆయన ఇంటిని పక్కన పెట్టలేదు. ఏ పని చేసినా ముందు ఇంట్లోనే మొదలుపెట్టాడు. ఆ భారం ఎక్కువగా మోసింది ఆయన భార్య లలితా దేవి గారు. ఈ సంగతి వదిలేసి ఆయన్ని తలుచుకుంటే సగమే తలుచుకున్నట్టు.

ఏడాదిన్నర వయసులో తండ్రిని పోగొట్టుకుని తాతగారింట్లో పెరిగిన మనిషి. 1928లో పెళ్ళి. మామగారి దగ్గర ఒక రాట్నం, కొద్ది గజాల ఖద్దరు తప్ప ఇంకేమీ తీసుకోలేదు. లాలా లజపతి రాయ్ పెట్టిన ప్రజా సేవకుల సంఘం నుంచి కుటుంబానికి నెలకి 50 రూపాయలు వచ్చేవి. జైల్లో ఉండగా, డబ్బు సరిపోతోందా అని భార్యకి ఉత్తరం రాశారు. నలభైతో గడుస్తోంది, పది మిగులుతోంది అని ఆవిడ జవాబు. వెంటనే ఆయన సంఘానికి, మా ఇంటికి నలభై చాలు, ఆ పది అవసరం ఉన్నవాళ్ళకి ఇవ్వండి అని రాసేశారు. అందరూ ఆయన నిజాయితీని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ పది రూపాయలు మిగల్చడానికి ఆవిడ వంటింట్లో ఏమేం తగ్గించుకుందో అన్న ఆలోచనే వస్తుంది.

ఇంకో సంగతి చెప్పడం కష్టం. కూతురికి జబ్బు చేస్తే జైలు నుంచి పదిహేను రోజులు సెలవిచ్చారు. ఆయన చేరేసరికి పాప పోయింది. అంత్యక్రియలు కాగానే, గడువు ఇంకా ఉండగానే, తిరిగి జైలుకి వెళ్ళిపోయారు. ఏ పని మీద బయటికొచ్చానో ఆ పని అయిపోయింది, ఇంక ఉండే హక్కు లేదు అన్నది ఆయన లెక్క. అక్కడ మీ అక్క కోపం నాకు అర్థమవుతుంది. ఆ మిగిలిన రోజులు ఆ తల్లి పక్కన ఉండి ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తుంది.

ఇక ప్రధాని అయ్యాక సంగతులు. ఇంటికి ప్రభుత్వం కారు ఉండేది, షెవర్లే ఇంపాలా. ఒక రాత్రి కొడుకులు దాన్ని తీసుకుని షికారు వెళ్ళొచ్చారు. వాళ్ళలో ఒకరైన సునీల్ శాస్త్రి ఈ సంగతి తర్వాత రోజుల్లో చాలాసార్లు చెప్పారు. తెల్లవారాక తండ్రి కేకలెయ్యలేదు. డ్రైవరుని పిలిచి, బండి ఎంత తిరిగిందో పుస్తకంలో రాస్తావా అని అడిగారు. 14 కిలోమీటర్లు అని తేలింది. సొంత వాడకం అని రాయించి, ఆ డబ్బు లెక్క కట్టి సర్కారు ఖాతాలో జమ చేయించమని లలిత గారికి చెప్పారు. ఇక ఆ పిల్లలు ఆ కారు జోలికి పోలేదట.

సొంత కారు కొనమని పిల్లలు పోరితే 1964లో ఫియట్ కొన్నారు. ధర 12,000. బ్యాంకులో ఉన్నది 7,000. మిగతా 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు. అప్పు తీరకముందే 1966 జనవరి 11న తాష్కెంటులో పోయారు. మిగిలింది లలిత గారే తన పెన్షన్ నుంచి కట్టారు.

1965లో తిండిగింజల కరువు. వారానికో పూట భోజనం మానమని దేశాన్ని అడగాలి. అడిగే ముందు, ఒక సాయంత్రం మనింట్లో పొయ్యి వెలిగించొద్దు, పిల్లలు ఆకలికి ఓర్చుకోగలరో లేదో చూస్తాను అన్నారట భార్యతో. మన పిల్లలు ఉండగలిగితేనే ఊళ్ళో పిల్లల్ని అడగాలి అని. ఆ తర్వాత రేడియోలో మాట్లాడారు. సోమవారం సాయంత్రం హోటళ్ళు కూడా మూసేశారు. మీ నాన్నగారికీ అక్కకీ ఈ ఒక్క సంగతి చదివి వినిపించు.

ప్రశ్న: హైదరాబాద్ ఎల్బీ నగర్ ఈయన పేరుతోనే ఉందా? ఢిల్లీలో ఆయన కారు చూడొచ్చా?
– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: అవును, ఎల్బీ నగర్ ఈయన పేరే. ఎల్బీ స్టేడియం కూడా. అంతకుముందు దాన్ని ఫతే మైదాన్ అనేవారు. కారు ఢిల్లీలో, ఆయన ఉన్న ఇంట్లోనే, మోతీలాల్ నెహ్రూ ప్లేస్‌లోని స్మారక భవనంలో ఉంది. నంబరు డీఎల్‌ఈ 6.

ప్రశ్న: మా నాన్నగారు లైన్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. వచ్చే నెల సంవత్సరీకం. చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం. "నిగర్వి, స్నేహశీలి, అజాతశత్రువు" అని రాస్తే ఎవరి గురించైనా రాసినట్టే ఉంది. ఏం చెయ్యాలో తోచక టెన్షన్‌గా ఉంది.
– తణుకు

జవాబు: ఆ మూడు మాటలూ కొట్టెయ్యండి. మీ అమ్మగారి దగ్గర కూర్చోండి. గాలివాన రాత్రి ఫోనొస్తే ఆయన ఏం వేసుకుని బయల్దేరేవారు, ఆవిడ ఎంతసేపు మేలుకుని ఉండేది, పండగ నాడు డ్యూటీ పడితే పిల్లలకి ఏం చెప్పి వెళ్ళేవారు, జీతం తెచ్చి ముందు ఎవరి చేతిలో పెట్టేవారు, ఇవి అడగండి. ఊళ్ళో ఎవరింటికి కరెంటు వచ్చాక ఆయన్ని టీకి పిలిచారో కూడా ఆవిడకే తెలుస్తుంది. ఆయనతో పనిచేసిన హెల్పర్లలో ఒకరిద్దరిని కలవండి. స్తంభం మీద ఆయన ఎలా ఉండేవారో వాళ్ళే చెప్పాలి. ఆయన కటింగ్ ప్లేయరు, టెస్టరు ఇంకా ఇంట్లో ఉంటే వాటి ఫోటో వెయ్యండి. శాలువా కప్పిన సన్మానం ఫోటో ఒక్కటి చాలు.

అమ్మగారు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసుకుని ఆవిడ మాటల్లోనే ఎక్కించండి, మీరు దిద్దకండి. అచ్చుకిచ్చే ముందు ఆవిడకి ఒకసారి చదివి వినిపించండి. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించండి, ఆవిడ కళ్ళజోడుతో చదువుకోవడానికి వీలుగా.