ఏడో తరగతికి ప్రయోగం వెతుకుతున్న నీకు

అమ్మడూ,

వచ్చే వారం ఏడో తరగతి పిల్లలకి ఏదో ప్రయోగం చేయిస్తావటగా, మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. ఆ వెంటనే గుండె గుభేలుమంది. కొత్త టీచర్లకి ముందు గుర్తొచ్చేది మంటే కదా!

స్పిరిట్ దీపం జోలికి పోకు. పట్టపగలు ఆ మంట సరిగా కనపడదు. ఆరిపోయిందనుకుని మళ్ళీ స్పిరిట్ పోస్తారు. నా మాట విను, ఇంక దీని మీద వాదన వద్దు.

సామాన్లు ముందురోజే సర్దుకో. ఇంట్లో ఒకసారి చేసి చూసుకో.

ఇక కొవ్వొత్తి. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో వెలిగించి, గాజు గ్లాసు బోర్లిస్తారు. మంట ఆరుతుంది, నీళ్ళు పైకెక్కుతాయి. "ఆక్సిజన్ అయిపోయింది, అది గాలిలో అయిదో వంతు, అందుకే అంత ఎక్కాయి" అనేస్తారు. నాతో పనిచేసినాయన ఒకరు ఏటా ఇదే చెప్పేవారు. ఓసారి నేను వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నాను. ఒక పిల్ల లేచి, "మంట ఆరాక కదా సార్ నీళ్ళు జర్రున ఎక్కాయి? ఆక్సిజన్ వల్లయితే మొదటినుంచీ మెల్లగా ఎక్కాలిగా?" అంది. ఏం చూపు! ఆయనేమో "చెప్పింది రాసుకో, కూర్చో" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మళ్ళీ చెయ్యెత్తగా నేను చూడలేదు. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ పిల్లదే రైటు. గ్లాసు దించేటప్పుడు అంచు దగ్గర వంగి చూడు, బుడబుడమని బుడగలొస్తాయి. వేడికి వ్యాకోచించిన గాలి బయటికి పోతోందన్నమాట. మంట ఆరాక లోపల మిగిలింది చల్లబడి తగ్గిపోతుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్ళని లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది. మూడు కొవ్వొత్తులు పెడితే నీళ్ళు ఇంకా పైకెక్కుతాయి. ఆక్సిజన్ గానీ పెరిగిందా మరి?

అయిదో వంతు చూపించాలనే ఉంటే, తుప్పు పట్టే ఇనుప పీచుని వెనిగర్‌లో ముంచి, విదిల్చి, పరీక్షనాళికలో అడుగుకంటా దూర్చి, నీళ్ళలో బోర్లించు. మర్నాటికి దాదాపు అంతే ఎక్కుతాయి. స్టెయిన్‌లెస్ పీచు పనికిరాదు. కానీ ఒక్క పీరియడ్‌లో తేలే పని కాదిది.

నన్నడిగితే లోలకం చేయించు. దారం, బరువు, గడియారం చాలు. కాలేది లేదు, పగిలేది లేదు. బరువైనది త్వరగా ఊగుతుందా, తేలికైనదా అని ముందే అడిగి, ఎవరి మాట ఏమిటో బోర్డు మీద రాయి. సగం క్లాసు బరువైనదే అంటుంది, చూస్తూండు. దారం పొడవు బరువు మధ్య దాకా కొలవాలి, ఊపు చిన్నదిగా ఉండాలి, పది ఊపులు లెక్కపెట్టి పదితో భాగించాలి. మీటరు దారానికి ఒక ఊపు, అంటే పోయి రావడానికి, ఇంచుమించు 2 సెకన్లు. రెండు సెకన్లని ఒకటి చెయ్యాలంటే దారం సగం చేస్తే చాలనుకుంటారు. చెయ్యనీ. కుదరక బుర్ర గోక్కుంటారు. 25 సెంటీమీటర్ల దగ్గరికి వాళ్ళే రావాలి.

నువ్వేమో చిన్నప్పటినుంచీ పొడుపుకథ వేసి నువ్వే విప్పేసే రకం. ఆ పది నిమిషాలూ నోరు కట్టేసుకో తల్లీ. అయిపోగానే ఫోన్ చెయ్యి, ఎంత పనున్నా ఎత్తుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న